అడవిలో పనికొచ్చే కత్తి

"కత్తి అన్నాక మడత ఉండకూడదు," అన్నాడు ఆయన గోడకి ఆనుకుని, ఫోనులోంచి తల ఎత్తకుండా. "మడత కత్తి సరిగ్గా అవసరమైనప్పుడే కీలు దగ్గర ముడుచుకుపోతుంది. అడవిలో ఒకే ముక్కగా ఉండేదే అక్కరకొస్తుంది."

"వాచ్‌మన్‌కి ఇంకోసారి ఫోను కొట్టండి," అంది భార్య.

"ఇందాక కొట్టాగా. ఎత్తలేదు. కింద ఎక్కడో ఉంటాడు."

"ఇందాక ఎప్పుడో! మళ్ళీ కొట్టండి. నాకు పదిన్నరకి టెస్టు."

డ్రైవింగ్ టెస్టు. రెండుసార్లు తప్పింది. మొదటిసారి బండి వెనక్కి తీస్తూ స్తంభాన్ని గుద్దింది. రెండోసారి పక్కన కూర్చున్న ఆఫీసరు దగ్గితే ఉలిక్కిపడి బ్రేకు తొక్కింది. ఈసారి నెగ్గితే పిల్లల బడి వ్యాను నడిపే ఉద్యోగం ఆమెదే. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని హెడ్‌మిస్ట్రెస్ మొహం మీదే చెప్పేసింది.

ఆయన తొందర ఆయనది. కత్తుల మీద తగ్గింపు పదింటితో ఆఖరు.

వచ్చే నెల ఆఫీసు వాళ్ళంతా రెండు రోజులు అడవిలో గడపబోతున్నారు. ఆ కబురు తెలిసిన రోజు నుంచీ ఆయన మనిషి మనిషిలా లేడు. రోజూ రాత్రి సోఫాలో కాళ్ళు చాపుకుని, చిప్స్ నములుతూ, అడవిలో ఆకలికి తట్టుకోవడం ఎలాగో వీడియోల్లో చూస్తున్నాడు. ఆఫీసులో 'అడవి సారు' అని పేరు కూడా పడింది. పెట్టినవాళ్ళు ఎందుకు పెట్టారో ఆయన ఆలోచించలేదు.

"అక్కడ భోజనం వాళ్ళే పెడతారన్నారుగా?" అంది ఆవిడ.

"పెడతారు. పెట్టకపోతే?"

"గుడారాలు?"

"వాళ్ళే వేస్తారు. గాలికి ఎగిరిపోతే?"

"బస్సులో తీసుకెళ్ళి బస్సులో తీసుకొస్తారు కదండీ."

"ఆ బస్సు రాకపోతే? నీకు బొత్తిగా ముందుచూపు లేదు. మనిషన్నవాడు దేనికైనా సిద్ధంగా ఉండాలి."

"పోయినేడు ఇలాగే దిక్సూచి కొన్నారు. ఏదీ?"

"ఎక్కడో పెట్టాను. కనబడట్లేదు."

ఆవిడ చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని కింద చతికిలబడింది. ఫ్యాను ఆగి చాలాసేపయింది. జాకెట్టు వీపుకి అతుక్కుపోతోంది. ఎదురుగా అద్దంలో చూసుకుంటే, పొద్దున్నే వేసుకున్న పౌడరు చారలు కట్టింది.

పేరున్న కంపెనీ కత్తి ఖరీదు చూసి ఆయన గతుక్కుమన్నాడు. చప్పున కిందికి జరిపి చవకవాటి దగ్గర ఆగాడు.

"ఇదిగో, ఇది చూడు. బ్లేడు పిడి చివరిదాకా ఒకే ఉక్కు. కొందరు బ్లేడుని బొటనవేలంత లోపలికి దూర్చి జిగురు పోసేస్తారు. నాలుగు దెబ్బలేస్తే ఊడి చేతికొస్తుంది."

"బావుంది. తీసేసుకోండి."

"తుప్పు పడుతుందట."

"అయితే పట్టనిది తీసుకోండి."

"దానికి పదును పెట్టడం కష్టం."

"మన కూరగాయల కత్తికి ఏనాడైనా పదును పెట్టారా మీరు?"

"ఆ కత్తి వేరు, ఈ కత్తి వేరు."

"అవును. దాంతో పని చెయ్యాలి."

ఆయనకి వినబడలేదు. పేజీ సగంలో ఆగిపోయింది. ఫోను నెత్తి మీదకెత్తి ఒక మూలకి పట్టాడు, ఇంకో మూలకి పట్టాడు. సిగ్నల్ ఒక గీత దొరికింది. మొహం వెలిగిపోయింది.

"నా ఫోను దగ్గరుంటే మిమ్మల్ని ఇంత బతిమాలేదాన్నా?" అంది ఆవిడ. "ఇప్పటికే అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఆ బెల్లు చూస్తే అదీ మూగదైపోయింది. ఒక్క ఫోనండీ. ఆ తర్వాత కత్తే కొనుక్కోండి, గొడ్డలే కొనుక్కోండి, నేను నోరెత్తను."

"ఫోను చేస్తే పేజీ పోతుంది. మళ్ళీ మొదటికి రావాలి."

"ఛార్జింగ్ ఎంతుంది?"

"ఉందిలే."

మూలన బ్యాటరీ బొమ్మ అప్పటికే ఎర్రబడింది. ఆయన దాని మీద బొటనవేలు పెట్టి కప్పాడు.

"కాసేపు కరెంటు పోతేనే ఇలా గింజుకుంటున్నావు," అన్నాడు జాలిగా. "రేపు అడవిలో చిక్కుకుంటే ఏం చేస్తావు? ఇలాంటప్పుడే నిబ్బరం కావాలి. ఊపిరి నిదానంగా పీల్చి వదులు."

ఆవిడ ఊపిరి పీల్చింది. వదల్లేదు.

"ఒర తోలుదా, ప్లాస్టిక్‌దా?" అడిగాడు ఆయన.

"నన్నడుగుతారేం?"

"తోలు తడిస్తే నానుతుంది. ప్లాస్టిక్ చవక. సరే, ప్లాస్టిక్. ఇక రంగు. నలుపా, ఆకుపచ్చా? ఆకుపచ్చదైతే ఆకుల్లో పడిపోయినప్పుడు కనబడదు. ఆగు, నారింజ రంగు కూడా ఉంది."

"పది కావొస్తోందండీ!"

"అదే, అదే, నేనూ అదే అంటున్నాను," అని ఆయన గబగబా నారింజ రంగు నొక్కాడు. చిరునామా నొక్కాడు. ఊపిరి బిగబట్టి చివరి గడి నొక్కాడు.

తెర మీద పచ్చటి గుర్తు మెరిసింది. ఐదు రోజుల్లో కత్తి గుమ్మంలోకి వస్తుంది. తగ్గింపు దక్కింది.

"చూశావా! చివరి నిమిషంలో!" అన్నాడు ఆయన పొంగిపోతూ. "కంగారు పడి ఉంటే దక్కేదా?"

ఫోను ఒక్కసారి వణికి ఆరిపోయింది.

ఆవిడ నెమ్మదిగా లేచి నిలబడింది. కొంగు నడుముకి చుట్టి దోపింది. వంగి, కాలి చెప్పు తీసి చేతిలోకి తీసుకుంది.

"ఏమిటిది? చదువుకున్నదానివి!" అంటూ ఆయన వెనక్కి తగ్గబోయాడు. తగ్గడానికి చోటు లేదు.

చెప్పయితే ఎత్తింది గానీ ఆవిడ దాంతో ధబధబా బాదింది ఆయన్ని కాదు, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ముప్పావుగంటగా ఆగిపోయి ఉన్న ఆ లిఫ్టు తలుపుని.