పెసర ఒప్పుకోలు

మా కుక్క పెసర కంటి నల్లగుడ్డు మీద పుండు లోతుగా దిగింది. తెల్లగుడ్డు పైపొర కొంచెం తీసి, పుండు మీద కప్పి ఈరోజే కుట్టకపోతే కన్ను పోతుందన్నారు డాక్టర్ హైమావతి. కుక్కలకు మాటలు పలికే మెడపట్టీలు వచ్చాక, వాటి ఒప్పుకోలు లేనిదే కత్తి పట్టకూడదు.

"అమ్మని రానీండి. అప్పుడు చూద్దాం," అంది పెసర.

నా భార్య వేసవిలో పోయింది. ఆ మాట ఇంట్లో నేనింతవరకు అనలేదు.

"అమ్మ రాదు పెసరా. చనిపోయింది."

పెసర బాగున్న కంటితో నన్ను తేరిపార చూసింది.

"నాకు తెలుసు మాస్టారూ. మీరు రోజూ రెండు గ్లాసుల్లో కాఫీ పోస్తుంటే, మీకే తెలీదనుకున్నా. ఇకనుంచి ఆ రెండో గ్లాసులో నాకు పాలు పోస్తారా?"

పోస్తానన్నాను. పెసర తనే ఆపరేషన్ బల్ల ఎక్కి పడుకుంది.