దయ్యం చెప్పిన అంకెలు

అక్టోబరు 31, శుక్రవారం. సాయంత్రం ఏడు గంటలకు అశోక్‌నగర్‌లోని ఒక లేడీస్ హాస్టల్ హాల్లో లైట్లు ఆర్పేశారు. దయ్యాల లెక్కల పోటీ మొదలైంది.

పోటీ పెట్టింది నర్మద. గ్రూప్-2కు చదువుతోంది. పొద్దున పూట నారాయణగూడలోని ఒక కోచింగ్ సెంటర్లో అర్థమెటిక్ చెబుతుంది. హాలోవీన్, అంటే దయ్యాల పండగ సరదా, పిల్లలకు భయం కూడా పోతుందని చెప్పి హాస్టల్ యజమానురాలు వేదవతిని ఒప్పించింది.

రెండో అంతస్తులో దయ్యం ఉందని బుధవారం నుంచి హాస్టల్లో చెప్పుకుంటున్నారు. ఆ మాట నర్మద రూమ్మేట్ మనీష నుంచి వచ్చింది. అప్పటి నుంచి మనీష స్నానానికి విద్యానగర్‌లోని పిన్ని ఇంటికి వెళ్లి వస్తోంది. బ్యాగు సర్దుకుంది. తెల్లారితే నారాయణపేట బస్సు ఎక్కుతుంది. పరీక్షకు నెల కూడా లేదు.

"పోతే మల్ల రాను," అంది మనీష, పోటీకి ముందు.

"ఇంట్ల ఏం చెప్పినవ్?" అడిగింది నర్మద.

"దయ్యమన్న. గంతే."

"ఈ ఒక్క రాత్రి ఆగు. ఉంటవో పోతవో పొద్దుగాల చెప్పు."

హాల్లో ఆరుగురు అమ్మాయిలు, వేదవతి, ఆమె కొడుకు ఫణికిరణ్, నీళ్ల క్యాన్లు వేసే ఎల్లేష్ ఉన్నారు. హాస్టల్లో వైఫై, కరెంటు, రిపేర్లు ఫణికిరణ్ చూసుకుంటాడు. అతన్నీ, ఎల్లేష్‌నూ నర్మదే పిలిచింది. బల్ల మీద కొవ్వొత్తి, పక్కన బూడిద గుమ్మడికాయ. దానికి బొగ్గుతో కళ్లు గీశారు.

"దిష్టికి కట్టాల్సిన కాయకి మొహం గీస్తారా? రేపు ఇంకోటి మీరే తేవాలి," అంది వేదవతి.

నర్మద మొదటి లెక్క చదివింది. "ఒక ఇంట్ల మనుషులు, దయ్యాలు కలిసి పదిమంది. దయ్యాలకు కాళ్లుండవు. నేల మీద ఉన్నయి పద్నాలుగు కాళ్లు. దయ్యాలెన్ని?"

"కాళ్లుంటయక్కా. ఎనక్కి తిరిగి ఉంటయి," అన్నాడు ఎల్లేష్.

అందరూ నవ్వారు. మూడు అని ఒక అమ్మాయి చెప్పింది. మనీష మూలన కూర్చుంది. నవ్వలేదు.

"ఏం మనీషా, నీ దయ్యం పైననే ఉంటదా, కిందికి రాదా?" అన్నాడు ఫణికిరణ్.



"ఇప్పుడొస్తది అన్నా," అంది నర్మద. "ఈసారి అది మీ మనసుల ఉన్నది చదువుతది. ఒక నాలుగంకెలు అనుకోండి. కొత్తయి వద్దు, లెక్క నడుమ మర్చిపోతరు. నిద్రల లేపినా మీ వేలికి యాదికుండేటివి. ఎవరికీ చెప్పొద్దు."

ఫోన్లలో క్యాలిక్యులేటర్లు తెరిచారు. అనుకున్నదాన్ని రెట్టింపు చేయమంది. పదమూడు కలపమంది. వచ్చినదాన్ని అయిదుతో గుణించమంది. చివర వచ్చింది మాత్రం పైకి చెప్పాలి. అందులోంచి అరవై అయిదు తీసేసి, చివరి సున్నా కొట్టేస్తే అనుకున్న నెంబరు బయటికొస్తుంది. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఇది లెక్కే కాదు. అమ్మాయిలు నవ్వు ఆపుకున్నారు. ఎవరూ బయటపెట్టలేదు.

"నాకు అరవై అయిదే వచ్చిందక్కా. తప్పు జేసిన్నా?" అన్నాడు ఎల్లేష్.

"చెయ్యలే. నీది నాలుగు సున్నాలు."

"దయ్యానికి నా జేబు సంగతి గూడ తెల్సు," అన్నాడతను.

వేదవతి ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. "నలభై ఆరు వేల మూడు వందల నలభై అయిదమ్మా."

"నాలుగు, ఆరు, రెండు, ఎనిమిది."

వేదవతి ఫోను దించింది. "మా ఆయన స్కూటర్ నెంబరు. నీకెలా తెలిసిందమ్మా?"

"నాకు కాదు ఆంటీ, దయ్యానికి. ఫణి అన్నా, నీది?"

"నేను చెప్పను. నాది జర పెద్ద లెక్క."

"భయపడుతున్నవా అన్నా?" అంది ఒక అమ్మాయి.

ఫణికిరణ్ ఫోను ఎత్తి అందరికీ చూపించాడు. "డెబ్బై రెండు వేల తొమ్మిది వందల డెబ్బై అయిదు. చెప్పమను నీ దయ్యాన్ని."

నర్మద కళ్లు మూసుకుంది. "ఏడు, రెండు, తొమ్మిది, ఒకటి."

ఫణికిరణ్ ఆమె వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. చప్పట్లు కొట్టాడు.

"చూసినవా మనీషా? నీ దయ్యం మంచిదే. లెక్కలు గూడ వస్తయి దానికి. ఇంక ఊరికెందుకు పోవుడు? ఉండు."

ఎనిమిదింటికి లైట్లు వేశారు. వేదవతి అందరికీ మిర్చి బజ్జీలు పెట్టింది. ఫణికిరణ్ తిన్నాడు. నర్మద ప్లేటు ముట్టలేదు. మనీషను తీసుకుని రెండో అంతస్తుకు వెళ్లింది. గది గడియ పెట్టింది. అల్మారా తాళం తీసి, చున్నీలో చుట్టి ఉన్నదాన్ని మంచం మీద పెట్టింది.

మొదట నాలుగు సున్నాలు. కాలేదు.

తర్వాత నాలుగు, ఆరు, రెండు, ఎనిమిది. కాలేదు.

"ఇంకోటుంది గదా," అంది మనీష. నర్మద వేలు ఆగింది. కింద ఫణికిరణ్ ఎల్లేష్‌తో మాట్లాడుతున్న మాటలు మెట్ల మీదుగా వినిపిస్తున్నాయి.

ఏడు, రెండు, తొమ్మిది, ఒకటి నొక్కగానే, బుధవారం ఉదయం స్నానాల గది వెంటిలేటర్లో మనీషకు దొరికిన ఫోను తెరుచుకుంది.