ఎక్కినవాళ్లు సున్నా

"ఈ స్టాపు తీసేయొచ్చండీ. మూడు రోజులు లెక్కపెట్టాను. ఎక్కినవాళ్లు సున్నా," అని సతీష్‌బాబు ఫోన్లో పై అధికారికి చెప్పాడు. బోధన్ నుంచి నిజామాబాద్ కాలేజీల దాకా వేగంగా నడిచే బస్సులకు విడిగా దారి వేయబోతున్నారు. అవి ఎక్కడెక్కడ ఆగాలో తేల్చే సర్వే ఆయనది.

ఫోన్ పెట్టేసి పక్కకు చూశాడు. చెరకు తోట అంచున పదకొండు మంది ఆడపిల్లలు పుస్తకాల సంచులతో నిలబడి ఉన్నారు. నిన్నా ఉన్నారు, మొన్నా ఉన్నారు. కానీ ఫారంలో ఎక్కినవాళ్లకే గడి ఉంది, నిలబడ్డవాళ్లకు లేదు.

"రోజూ వస్తారు, ఒక్క బస్సూ ఎక్కరేంటమ్మా?"

"ఆపితె గద సార్ ఎక్కేది," అంది డిగ్రీ చదివే శైలజ. "బోధన్‌లనే నిండి వస్తది. ఎప్పటికి మేం రెండు కిలోమీటర్లు నడిసి ముంగటి స్టాపుల ఎక్కుతం, ఆడ కొందరు దిగుతరు."

"మరి ఈ మూడు రోజులూ ఇక్కడెందుకు నిలబడ్డారు?"

"మీరు ఆఫీసరు గద సార్. మిమ్ముల సూసన్న ఆపుతడేమోనని."

అంతలో బస్సు కనబడింది. ఆయన కుర్చీలోంచి లేచి, రోడ్డు మీదికి వెళ్లి చెయ్యెత్తాడు. డ్రైవరు మర్యాదగా తానూ చెయ్యి ఊపి, ఆపకుండానే వెళ్లిపోయాడు.

పిల్లలు నవ్వుకుంటూ నడక మొదలుపెట్టారు.

"రాండ్రి సార్, ఎండ ఎక్కుతది," అని పిలిచింది శైలజ.

ఆయన ఫారం తీసి సున్నా కొట్టేశాడు. పదకొండు మందికి తననూ కలుపుకుని పన్నెండు అని రాసి, కుర్చీ మడిచి చంకన పెట్టుకుని వాళ్ల వెనకాలే నడిచాడు.