ఆఖరి ఎపిసోడ్

"ఇంకొక్కసారి ప్రయత్నించండి మామ్మగారూ. వేళ్ళు ముడవండి."

"ముందు నువ్వు పక్కకి జరుగు పిల్లా! టీవీకి అడ్డమొస్తున్నావు!"

వ్యాయామం చేయించడానికి రోజూ సాయంత్రం వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి దిక్కుతోచక కోడలి వంక చూసింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి అత్తగారి కుడిచేయి ఎవరిదో అన్నట్టు ఒళ్ళో పడి ఉంటోంది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఇక ఆ చేతికి కదలిక రాకపోవచ్చని డాక్టరు నిన్ననే కోడలితో అన్నాడు. ఆ మాట ఆవిడతో చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"ఈ ఒక్కరోజుకీ వదిలెయ్యమ్మా," అంది కోడలు, కుట్టుమిషను మీది చొక్కా పక్కకి తోసేస్తూ. "ఆఖరి ఎపిసోడ్. నేనూ చూడాలి."

ఏళ్ళ తరబడి కళ్ళప్పగించి చూసిన సీరియల్ మరి! చిటికెనవేలితో బస్సునెత్తే నర్సు, గోడల్లోంచి నడిచిపోయే పోస్ట్‌మాన్, కురిసే వానని ఆపేసే కవలలు. ఈ రోజు వాళ్ళంతా పొగభూతంతో తలపడాలి. క్రేన్ నడిపే కొడుకు పని నుంచి పరుగెత్తుకొచ్చి, బూట్లయినా విప్పకుండా నేలమీద చతికిలబడ్డాడు. ఫిజియో అమ్మాయి సంచి సర్దుకుంటూ సర్దుకుంటూనే నిలబడిపోయింది.

పొగభూతం రానే వచ్చింది. నగరం గడగడ వణికింది.

"ఎత్తవే తల్లీ, ఎత్తు! బస్సు తీసి వాడి నెత్తిన కొట్టు!" అత్తగారు కేకేసింది.

నర్సు బస్సు దగ్గరికి నడిచింది. వంగింది. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు.

అంతే. పోస్ట్‌మాన్ మంచం మీద ఉలిక్కిపడి లేచాడు. ఆవులించాడు. "అబ్బ, ఎంత పెద్ద కల!" అన్నాడు. తెర మీద 'శుభం' పడింది.

"కలా?" కోడలి గొంతు కీచుమంది. "ఇన్నాళ్ళూ చూపించిందంతా కలా?"

"కొండని తవ్వి ఎలుకనైనా పట్టలేదే!" కొడుకు నెత్తి కొట్టుకున్నాడు.

"దగాకోరు వెధవల్లారా! మా బతుకులతో ఆడుకుంటార్రా!"

అత్తగారి అరుపు వెనకే ఫెళ్ళుమని చప్పుడు. బల్ల మీదుండాల్సిన స్టీలు గ్లాసు నేల మీద గిరగిరా తిరుగుతోంది. టీవీ నిలువునా పగిలింది.

ఇల్లు హోరెత్తిపోయింది.

"నిన్నగాక మొన్న కొన్నానమ్మా!"

"పోతే పోయిందిరా! ఆ రాసినవాడు దొరకలేదు గానీ..."

"బాగుంది అత్తయ్యా! రేపట్నించి ఏం చూస్తారు? నా మొహమా?"

"నీ మొహమే నయం! చివర్లో కల అని చెప్పదు!"

"ఆగండి!" ఫిజియో అమ్మాయి చేతిలోని సంచి జారిపోయింది. "అందరూ ఒక్క క్షణం ఆగండి!"

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"మామ్మగారూ... ఆ గ్లాసు మీరు ఏ చేత్తో విసిరారు?"