నాలుగో నిమిషం

"పొద్దుపొద్దున్నే శవాన్ని జూపెడ్తున్నవేంది భావూ?"

చౌరస్తాలో మిఠాయి కొట్టు నడిపే బాలకిషన్ మెట్లెక్కి వచ్చి మరీ అడిగాడు. మరాఠీ కలిసిన ఈ ఊళ్లో అన్న 'భావూ', అక్క 'తాయీ'.

ఇమ్మానుయేల్ కిటికీలోంచి చూశాడు. ఎదురుగా చంద్రపూర్‌లోకెల్లా పెద్ద డిజిటల్ బోర్డు. దాని కంప్యూటరు ఈ గదిలోనే ఉంటుంది. చీరల ప్రకటన, పెయింటు ప్రకటన, ట్యూషన్ క్లాసుల ప్రకటన, ఏది ఎప్పుడు పడాలో అతనే చూసుకుంటాడు.

ఇప్పుడు బోర్డు మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. మెడదాకా దుప్పటి. కాస్త తెరుచుకున్న నోరు. మాట లేదు, పాట లేదు, కొనమని చెప్పే వస్తువూ లేదు.

నిమిషం కాగానే ఆ బొమ్మ పోయి పెయింటు డబ్బా వచ్చింది.

"శవం గాదే. కళ అంట."

"గిదేం కళ?"

"నాకు గూడ సమజైతలేదు."

నిజంగానే అర్థం కాలేదు. ప్రజ్ఞ అనే అమ్మాయి తెచ్చి ఇచ్చింది ఆ వీడియో. ఊళ్లోని బోర్డుల మీద ప్రకటనల మధ్య కళాకారుల వీడియోలు వేయించే బృందం ఆమెది. వీడియో నాలుగు నిమిషాలుంది. బోర్డు మీద ఖాళీ ఒక్క నిమిషమే. పడుకున్న మనిషిని అంతసేపు ఎవరు చూస్తారులే అని ఇమ్మానుయేల్ మొదటి నిమిషం ఉంచి మిగతాది కోసేశాడు.

కోసినదాంట్లో ఏముందో అతనూ చూడలేదు.

మధ్యాహ్నం బోర్డు కింద హారన్లు ఎక్కువయ్యాయి. యాభై ఏళ్ల ఆవిడ ఒకతె, నెత్తిన కొంగు వేసుకుని, ఎండలో రోడ్డు మధ్య నిలబడి పైకి చూస్తోంది.

ఇమ్మానుయేల్ దిగి వెళ్లాడు.

"అమ్మా, పక్కకు రా. బండ్లొస్తున్నయి."

"ఈయన లేస్తలేడేంది బిడ్డా?"

"ఎవరు?"

ఆవిడ బోర్డు వైపు చెయ్యి చూపింది.

"ఆయన నీకేమైతడు?"

"మా ఇంటాయన. సాస్తి బొగ్గుగనిల డంపర్ బండి నడుపుతడు."

ఇమ్మానుయేల్ మళ్లీ బోర్డు వైపు చూశాడు. అయితే బాలకిషన్ అన్నదే నిజం. ఏ పట్నం కళాకారుడో వచ్చి, చావింట్లో వీడియో తీసుకుపోయి, తెచ్చి చౌరస్తాలో పెట్టాడు.

'నడుపుతడు' అంటోంది పాపం. అమ్మ పోయాక నాన్న కూడా ఏడాది దాకా 'మీ అమ్మకు చింతపులుసు నచ్చది' అనేవాడు.

"లేస్తడు బిడ్డా," అంది ఆవిడ. "జరసేపు ఆగితే లేస్తడు. మీరే ఆగనిస్తలేరు."

ఇమ్మానుయేల్‌కు చర్చిలో పాస్టరు గారు చెప్పే మాటే నోటికి వచ్చింది.

"పోయినోళ్లు ఆఖరి దినాన లేస్తరమ్మా. అందాక మనమే ఓర్చుకోవాలె."

ఆవిడ అతన్ని వింతగా చూసింది.

"ఏ దినం? ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా? పైన కంప్యూటర్ కాడ ఎవరుంటరు?"

"నేనే."

"మరి లేసేది ఎందుకు తీసేసినవ్?"

దుఃఖంలో మనిషి ఏమంటుందో తనకే తెలియదు అనుకున్నాడు. నీళ్ల సీసా కొనిచ్చి, బాలకిషన్ కొట్టు నీడలో కూర్చోబెట్టి, గబగబా గదికి ఎక్కాడు. యజమానికి ఫోన్ చేశాడు.

"సార్, చచ్చిపోయిన మనిషి బొమ్మ అది. ఆయన భార్య కింద ఎండల నిలబడి చూస్తున్నది. నాతోని అయితలేదు."

"తీసెయ్."

తీసేశాడు. ఆ చోట చీరల ప్రకటన పెట్టాడు.

ఆవిడ కొట్టు నీడలోంచి బోర్డు మీద ఆయన వంతు కోసం చూసింది. పడుకున్న మనిషి రావాల్సిన చోట చీరలు వచ్చాయి. మళ్లీ చూసింది. మళ్లీ చీరలే. తల ఎత్తి కిటికీ వైపు చూసింది. ఇమ్మానుయేల్, ధైర్యంగా ఉండమన్నట్టు, చెయ్యి ఎత్తాడు.

ఆవిడ నీళ్ల సీసా బల్ల మీద పెట్టేసి బస్టాండు దారి పట్టింది.

మంచి పని చేశాననుకున్నాడు. కానీ ఆ చూపు ఏమిటో సాయంత్రం దాకా అంతుపట్టలేదు.

మర్నాడు ప్రజ్ఞ ఫోన్ చేసింది.

"భావూ, నేను ఊర్ల లేను, ఫోన్ గూడ ఖరాబైంది. గింతల ఏం జేసినవ్? అది తీసినోళ్లు మిగిలిన పదకొండు వీడియోలు గూడ వాపస్ తీస్కున్నరు. నాగ్‌పూర్‌ల పెడదామనుకున్నం. ఇంక ఎన్నడు తియ్యం అంటున్నరు."

"ఎందుకట?"

"సగంల కోసినవంట. ఎందుకో అడుగుదామని నీ కాడికి వస్తే ఇనలేదంట."

"నా కాడికి ఎవరు రాలే తాయీ. ఆ పోయినాయన భార్య ఒక్కతే వచ్చింది, పాపం."

"ఎవరు పోయిండ్రు?" అంది ప్రజ్ఞ. "ఆయన రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పండుకున్నడు. నువ్వు అది మొత్తం చూసినవా, లేదా?"

ఇమ్మానుయేల్ ఫోను పక్కన పెట్టి, అసలు వీడియో తెరిచాడు.

రెండో నిమిషంలో ఆ మనిషి ముక్కు మీద ఈగ వాలింది. మూడో నిమిషంలో పక్కకు తిరిగి గురక పెట్టాడు.

నాలుగో నిమిషంలో లేచాడు. కళ్లు నులుముకున్నాడు. తనను తీస్తున్నారని చూసి, నవ్వి, చెయ్యి చాచి ఫోను లాక్కుని, తీస్తున్న మనిషి వైపు తిప్పాడు.

అందులో, నిన్న ఎండలో నిలబడిన ఆవిడ, 'వద్దు' అన్నట్టు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ నవ్వుతోంది.