మొదటి ముద్ద

“మీ చెల్లెల్ని ఇంట్లోంచి పంపించేస్తారా, పాపని వదులుకుంటారా? ఏదో ఒకటి తేల్చుకోండి,” అన్నాడు అక్క తరఫు లాయరు.

కోపంగా అనలేదు. టీయా, కాఫీయా అని అడిగినంత మామూలుగా అడిగాడు.

తప్పు అక్కదే. నోరు జారింది తనే.

కోర్టు పంపిన అధికారిణి ఇల్లు చూడటానికి వచ్చిన రోజు అక్క బేకరీకి సెలవు పెట్టింది. ఇల్లంతా అద్దంలా తుడిచింది. పాపకు రెండు జడలు వేసింది. చెల్లెలికి ఉతికిన బట్టలిచ్చి, “అడిగినదానికే జవాబు చెప్పు. రేడియోలోంచి నిన్ను తిట్టేవాళ్ళ సంగతి మాత్రం ఎత్తకు,” అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. చెల్లెలు బుద్ధిగా కూర్చుంది. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

చెడగొట్టిందల్లా అక్కే.

“ఆవిడ పాపతో ఎలా ఉంటారు?” అని అడిగింది అధికారిణి.

“ప్రాణం పెడుతుంది మేడమ్,” అంది అక్క గర్వంగా. “పాపకి ఏం పెట్టినా మొదటి ముద్ద తనే తింటుంది. ఎవరైనా విషం కలిపారేమోనని దానికి భయం. పోతే నేను పోతాను, పాపకేం కాకూడదు అంటుంది.”

రాసుకుంటున్న అధికారిణి తలెత్తి చూసింది. అప్పటిగ్గానీ తానేం అన్నదో అక్కకు తెలిసిరాలేదు.

కోర్టులో ఆ మాటే కొంప ముంచింది. పాప తండ్రి తరఫు లాయరు దాన్ని పట్టుకుని చెడుగుడు ఆడేశాడు. పసిపిల్ల కంచం ముందు కూర్చుని విషం మాటెత్తే మనిషి రేపు ఏం చేస్తుందో ఎవరు చూడొచ్చారన్నాడు. తండ్రి తలూపుతూ కూర్చున్నాడు. రెండేళ్లు పత్తా లేని మనిషి. పాప చెప్పుల సైజేమిటో, చలికాలం ఏ చెవి నొప్పి పుడుతుందో తెలియని మనిషి. ఇప్పుడు ఊడిపడి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాప కావాలంటున్నాడు. అక్కకు ఒళ్ళు మండిపోయింది. మండితే మాత్రం ఏం లాభం? కోర్టులో అది సాక్ష్యం కాదు.

జడ్జి మంచావిడే. పాప ఇప్పుడున్న ఇంట్లోనే ఉండొచ్చంది. చెల్లెలు మాత్రం ఆ ఇంట్లో ఉండటానికి వీల్లేదంది.

ఆ తర్వాత అక్క చేతులు ఆమె మాట వినలేదు. బేకరీలో కేకుల మీద అక్షరాలు రాసేది ఆమే. ఎవరిదో పెళ్లిరోజు కేకు మీద ‘త్వరగా కోలుకోవాలి’ అని రాసిపెట్టింది. యజమాని చీవాట్లు పెట్టి, ఆ కేకు తనే కోసుకు తిన్నాడు.

చెల్లెలికి ఎలా చెప్పాలా అని తల బద్దలు కొట్టుకుంది అక్క. తీరా చూస్తే చెప్పే పనే లేకపోయింది.

“నేను వెళ్ళిపోతే పాపని అతనికి ఇవ్వరుగా?” బట్టలు మడతపెడుతూ చెల్లెలే అడిగింది.

“ఇవ్వరు.”

“అయితే ఆసుపత్రికే పోతానక్కా. అక్కడ రేడియో కూడా ఉండదుగా, ఇంకా హాయి.”

నవ్వించాలనే అంది. అక్కకు నవ్వు రాలేదు. “ఏమీ చేయలేకపోయానే,” అంటూ బావురుమంది. చెల్లెలే ఆమె వీపు నిమిరింది.

ముగ్గురూ బస్సులో వెళ్ళారు. దారిలో పాప బన్ను అడిగింది. చెల్లెలు చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, కాసేపు ఆగి, మిగతాది పాపకిచ్చింది. అక్క చూడనట్టు కిటికీ వైపు తిరిగింది. పాప బన్ను తిని అక్క భుజం మీద వాలి నిద్రపోయింది.

ఆసుపత్రి గదిలో కుర్చీల కాళ్ళు నేలకు బిగించి ఉన్నాయి. నర్సు చెల్లెలి చెవిపోగులు, తల పిన్నులు తీయించి ఒక కవర్లో వేసింది. వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగే ప్రశ్నలే గడగడా అడిగింది. వయసెంత? నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా? చెల్లెలు అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పింది. ఇక వెళ్ళక తప్పదని, అక్క పాపను రెండో భుజానికి మార్చుకుని లేచి నిలబడింది.

“పిల్లలున్నారా?” తలెత్తకుండానే అడిగింది నర్సు.

“ఒక్కతే కూతురండీ,” అంది చెల్లెలు, “అదిగో, మా అక్క భుజం మీద నిద్రపోతోంది.”