మారెల్ వారి తేనెటీగలు

పెద్ద తలుపు వదిలేసి, వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు ఆ మాసిన కోటు మనిషి.

డోర్కాస్ చేతికంటిన పిండి దులుపుకుంది. మారెల్ హాల్ బంగళాలో వంటా వార్పూ చూసేది ఆవిడే. దొరగారిని మట్టిచేసి వారం తిరగలేదు, అప్పుడే గద్దలు వాలుతున్నాయి అనుకుంది.

"ఇల్లు కొనడానికైతే లాయరుగారి దగ్గరకెళ్లు బాబూ."

"కొనడానికి కాదమ్మా. ఈ వంశం చరిత్ర రాసుకుందామని."

"ఇక మిగిలేది అదేలే. వారసుడు కనబడకపోతే వచ్చే నెల హోటలు వాళ్లు దిగుతారు. రా, కాళ్లు తుడుచుకుని మరీ రా."

ఆవిడకు చెప్పడమంటే ప్రాణం, వినేవాళ్లు దొరక్క గానీ. మేడమెట్లు కట్టించిన ముత్తాతను, గుర్రం మీంచి పడి కూడా పందెం నాదేనని వాదించిన తాతను, వరసపెట్టి పటాల్లో చూపించింది.

చివర ఒకచోట గోడ బోసిగా ఉంది.

"ఇక్కడెవరు?"

"కొడుకు. నేను పనిలో చేరకముందే తండ్రితో పోట్లాడి ఆస్ట్రేలియా పోయాడట. అక్కడ గొర్రెల్ని కాస్తున్నాడో, గొర్రెలే అతన్ని కాస్తున్నాయో."

అతను నవ్వాడు. బోసిగోడ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"పెద్దాయన ఎప్పుడైనా అతన్ని తలచుకున్నారా?"

డోర్కాస్ నోరు కట్టేసుకుంది. తలచుకోకపోవడమేమిటి, రోజూ టీ వేళ అబ్బాయికని రెండో కప్పు పెట్టించేవారు. కానీ ఇంటిగుట్టు పరాయివాడికి, అందులోనూ రాసుకునేవాడికి చెబితే, ఆ ఇంటి ఉప్పు తిన్నదానికి విలువేముంది?

"ఒక్కనాడూ లేదు," అంది.

"అలాగా."

అతను కిటికీలోంచి తోటలోకి చూశాడు. "తేనెటీగల పెట్టెలకు నల్లగుడ్డ కట్టారు."

"నేనే కట్టాను. దొరగారు పోయారని ఆ ఈగలకు నేనే చెప్పాను కూడా. నా మాట వింటాయా? ఇంట్లో చావొస్తే ఆ ఇంటి రక్తమే వెళ్లి పెట్టె తట్టి చెప్పాలి. లేకపోతే అలిగి లేచిపోతాయి. అప్పుడే సగం పోయాయి. లాయరుకు చెబితే నవ్వాడు. ఆయనకేం, సీసాలో తేనె ఎక్కణ్ణించి వస్తుందో తెలిస్తేగా."

"వస్తానమ్మా," అని అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ మళ్లీ పిండిలో చెయ్యి పెట్టబోతూ కిటికీలోంచి చూసింది. మనిషి గేటు వైపు పోవడం లేదు. తిన్నగా తేనెపెట్టెల వైపు నడుస్తున్నాడు.

"చరిత్రట చరిత్ర. తేనె దొంగ," అని గొణుక్కుంటూ చీపురందుకుంది.

పొదల చాటునుంచి దగ్గరికి వెళ్లి, చీపురు ఎత్తబోయి ఆగిపోయింది.

అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని, వేళ్లతో పెట్టెను మెల్లగా తడుతూ చెబుతున్నాడు: "నాన్న పోయారు. నన్ను తలచుకోలేదట, పోనీలే. మీరు మాత్రం ఎక్కడికీ పోకండి, ఇక మీకు నేనున్నాను."